కూలి ఉన్న నెల, కూలి లేని నెల: ఇంటి ఖర్చు నడిపేదెలా?



మా ఆసుపత్రి బి.పి., షుగరు క్లినిక్కులో ప్రతి రోగికీ ఒక కార్డు ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ తేదీ, బి.పి. అంకె, ఇచ్చిన మాత్రలు దానిమీద రాస్తాం. పాత కార్డులు కొన్నింటిని తిరగేస్తే ఒక విషయం కనబడుతుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో తేదీలు వరుసగా ఉంటాయి. జూన్ ఖాళీ. జూలై, ఆగస్టుల్లో మళ్ళీ వస్తారు. సెప్టెంబరు, అక్టోబరు ఖాళీ. నవంబరులో వచ్చేసరికి బి.పి. అంకె బాగా పెరిగి ఉంటుంది.

ఆ ఖాళీలను చూసి చాలాకాలం మేము అది రోగుల అశ్రద్ధ అనుకున్నాం. "ఎందుకమ్మా మాత్రలు మానేశావు?" అని గదమాయించేవాళ్ళం. వాళ్ళు తల వంచుకొని "ఊరెళ్ళానండీ" అనో, "బాగానే ఉంది గదా అనుకున్నాను సిస్టరు గారూ" అనో చెప్పేవారు. పక్కన కూర్చోబెట్టుకొని నెమ్మదిగా అడిగితే గాని అసలు సంగతి బయటకు రాలేదు. ఆ నెలల్లో వాళ్ళ ఇంట్లో పని లేదు. నాట్లు, కలుపులు అయిపోయి కోతలు ఇంకా రాని రోజులవి. ఇంటాయన తాపీ పనికి పోయేవాడైతే వానలకు పని ఆగిపోయిన రోజులు. ఉన్న కాస్త డబ్బులో బియ్యం, పాలు, పిల్లల పుస్తకాలు అన్నీ చూసుకొని, చివరకు అత్తగారి మాత్రలో, తన మాత్రలో మానేశారు. మాత్ర మానేస్తే ఆ పూట ఆకలి వేయదు, నొప్పి పుట్టదు. అందుకే ఇంట్లో అన్నిటికంటే ముందు ఆగిపోయే ఖర్చు అదే అవుతున్నది.

కాబట్టి ఈసారి ఆరోగ్య పత్రికలో మందుల గురించి కాక డబ్బు లెక్క గురించి రాస్తున్నాం. నెల జీతం వచ్చే వారికి బడ్జెటు చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఒకటో తారీఖున వచ్చేదాన్ని ఇన్ని భాగాలు చేయండి అని అవి చెబుతాయి. రోజు కూలీలు, ఆటో నడిపేవారు, చేపల వేటకు పోయేవారు, కౌలు రైతులు, చిన్న బండి పెట్టుకొని అమ్ముకునేవారు, ఇంకా చెప్పాలంటే పల్లెటూరి సంఘాల్లో సేవచేసే పాస్టరు గార్లు, వీరెవరికీ ఒకటో తారీఖున ఏమీ రాదు. వీరికి ఆ లెక్క పనికిరాదు.

ముందు రాబడి రాయండి

ఖర్చులన్నీ పుస్తకంలో రాసుకోండి అని అందరూ సలహా ఇస్తారు. మంచిదే. కాని అణా పైసలతో ఖర్చు రాయడం నాలుగు రోజుల ముచ్చట. ఐదో రోజున పుస్తకం అటక ఎక్కుతుంది. అంతకన్నా ముఖ్యం, తేలిక కూడా, రాబడి రాసుకోవడం. గోడమీది క్యాలెండరు చాలు. కూలికి వెళ్ళిన రోజున ఆ తేదీ గడిలో వచ్చిన డబ్బు వేయండి. భార్యకు వచ్చింది, భర్తకు వచ్చింది రెండూ వేయండి. పనిలేని రోజున సున్న చుట్టండి. వారం చివర బట్వాడా తీసుకునేవారు శనివారం గడిలో వేస్తే సరి.

ఇందులో ఒక చిక్కు ఉంది. చాలా ఇళ్ళలో ఇంటాయనకు ఎంత కూలి వచ్చిందో ఇల్లాలికి తెలియదు. ఆమె పోపుల డబ్బాలో ఎంత దాచిందో ఆయనకు తెలియదు. ఆమె దాచడానికి కారణం ఉండవచ్చు. శనివారం బట్వాడాలో సగం దారిలోనే మద్యం దుకాణంలో పోయే ఇంటిలో దాచుకోకపోతే పిల్లలకు అన్నం ఉండదు. అటువంటి ఇళ్ళలో ముందు ఆ వ్యసనానికి సహాయం కావాలి, బడ్జెటు తర్వాత. మద్యం మానాలనుకునేవారు డాక్టరు గారితో మాట్లాడండి. ఏళ్ళ తరబడి తాగినవారు ఒక్కసారిగా మానితే ఫిట్సు రావచ్చు, అందుకని డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. మిగతా ఇళ్ళలో మాత్రం ఇద్దరూ కలిసి ఆ క్యాలెండరు ముందు నెలకొకసారి కూర్చోవడం సాధ్యమే. మా అనుభవంలో మొదటిసారి కూర్చున్నప్పుడు చిన్నపాటి గొడవ అవుతుంది. రెండోసారి తగ్గుతుంది.

ఒక సంవత్సరం ఇలా వేస్తే మీ ఇంటికి ఏ నెల మంచి నెలో, ఏది లోటు నెలో కళ్ళకు కడుతుంది. సంవత్సరం ఆగలేనివారు కిందటి ఏడాదిని గుర్తుచేసుకొని అందాజుగా రాసినా చాలు. ఏ నెలలో కిరాణా కొట్టు ఖాతా పెరిగింది, ఏ నెలలో కమ్మలు తాకట్టుకు వెళ్ళాయి అన్నది ఏ ఇల్లాలూ మరిచిపోదు.

పన్నెండు నెలల లెక్క

డెల్టా ప్రాంతపు పల్లెలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్త తాపీ మేస్త్రీ దగ్గర కూలి. భార్య పొలం పనులకు వెళుతుంది. చదువుకునే పిల్లలు ఇద్దరు. బి.పి., షుగరు ఉన్న అత్తగారు. ఇద్దరి కూలీ కలిపి ఇంటికి వచ్చే డబ్బు జనవరిలో 19,000 రూపాయలు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో 18,000 చొప్పున, ఏప్రిల్‌లో 14,000, మేలో 11,000, జూన్‌లో 9,000 అనుకుందాం. నాట్లతో జూలైలో 15,000, ఆగస్టులో 16,000. సెప్టెంబరులో 9,500, అక్టోబరులో 8,500. కోతలు మొదలై నవంబరులో 15,000, డిసెంబరులో 20,000. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి. లెక్క పద్ధతి ఒక్కటే.

మొత్తం సంవత్సరానికి 1,73,000 రూపాయలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 14,400 పైచిలుకు. చాలామంది ఇక్కడే పొరబడతారు. "సగటున పద్నాలుగు వేలు వస్తున్నది గదా, పద్నాలుగు వేలు ఖర్చు పెట్టవచ్చు" అనుకుంటారు. సగటు మొత్తం ఖర్చు పెట్టేస్తే బడి ఫీజు, క్రిస్మసు బట్టలు, పెళ్ళిళ్ళలో చదివింపులు, ఇంట్లో ఎవరికైనా వచ్చే జబ్బు, వీటికి ఏమీ మిగలదు. పైగా సగటు అనేది కాగితం మీదే ఉంటుంది. అక్టోబరులో చేతికి వచ్చేది ఎనిమిదిన్నర వేలే.

సగటు సంగతి పక్కనపెట్టి, ఇల్లు గడవడానికి నెలకు తప్పనిసరిగా ఎంత కావాలో తేల్చుకోవాలి. ఈ కుటుంబానికి రేషను బియ్యం పోను తిండికి 6,500, ఇంటి అద్దె 2,000, గ్యాసు, కరెంటు 1,100, పిల్లల బడి, బస్సు 900, ఫోను 400, సబ్బులు, చిల్లర ఖర్చులు 500. అత్తగారి మాత్రలకు 400, ఆమెను ఆసుపత్రికి తీసుకొని వచ్చి పోవడానికి 200. అన్నీ కలిపితే 12,000. దీన్ని ఆ ఇంటి "నెల జీతం" అనుకోండి. డిసెంబరులో ఇరవై వేలు వచ్చినా ఇంట్లోకి తీసేది 12,000. అక్టోబరులో ఎనిమిదిన్నర వేలే వచ్చినా తీసేది 12,000.

ఇప్పుడు లోటు ఎంతో చూడండి. మేలో 1,000, జూన్‌లో 3,000, సెప్టెంబరులో 2,500, అక్టోబరులో 3,500. నాలుగు నెలల లోటూ కలిపితే 10,000 రూపాయలు. సంవత్సరమంతా ఆ ఇంటిని కుదిపివేసేది ఈ పదివేలే. జనవరి నుండి ఏప్రిల్ వరకు వచ్చినదానిలో ఖర్చు పోగా ఉండే మిగులు 21,000. ఆ మిగులు ఆ నెలల్లోనే ఎటో పోతున్నది, మే వచ్చేసరికి కనబడటం లేదు.

అది కనబడకపోతే ఏమవుతుందో కూడా లెక్కవేద్దాం. ఆ పదివేలూ నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు వడ్డీ 500 రూపాయలు. అత్తగారి మాత్రల ఖర్చు నెలకు 400. మాత్రలు కొనడానికి డబ్బు లేదన్న ఇంటినుండి మాత్రల ఖరీదుకంటే ఎక్కువ వడ్డీగా బయటకు పోతున్నది. ఈ లెక్క మేము చాలామంది ముందు కాగితం మీద వేసి చూపించాము. ఒక్కొక్కరు నమ్మలేక మళ్ళీ వేయించుకున్నారు.

సముద్రం మీద వేటకు పోయే కుటుంబాలకైతే లోటు ఎప్పుడు వస్తుందో ప్రభుత్వమే తేదీ వేసి చెబుతున్నది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. 2015కు ముందు ఇది 47 రోజులే ఉండేది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్హులైన కుటుంబాలకు ఈ కాలానికి 20,000 రూపాయలు ఇచ్చింది. ఇటువంటి డబ్బు ఒక్కసారిగా వచ్చినప్పుడు దాన్ని దాదాపు తొమ్మిది వారాలకు పంచితే వారానికి 2,200 వస్తుంది. మొదటి వారంలోనే పాత బాకీలకు అంతా ఇచ్చేస్తే మిగతా ఎనిమిది వారాలకు కొత్త బాకీ చేయాలి. ఏడాదికి రెండుసార్లు పంట డబ్బు చూసే రైతులకూ ఇదే వర్తిస్తుంది. వచ్చిన మొత్తాన్ని తర్వాతి పంట వరకు ఎన్ని నెలలో అన్ని భాగాలు చేసుకోవాలి.

అనుకోని కష్టాలు వేరు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరకక తాపీ పనులు నెలల తరబడి ఆగాయి. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. వాటిని ఎవరూ ముందుగా లెక్క వేయలేకపోయారు. అటువంటి సమయంలో ఏ కుటుంబాన్నీ "ఎందుకు దాచుకోలేదు" అని అడిగే హక్కు ఎవరికీ లేదు. అయితే అక్టోబరు ప్రతి ఏడూ వస్తుంది.

పిడికెడు బియ్యం పద్ధతి

"మీరు చెప్పింది బాగానే ఉంది, మిగిలితే గదా దాచేది?" అని అడుగుతారు. నిజమే. మిగిలినది దాచుదామంటే ఎప్పటికీ మిగలదు. ఇక్కడ మన సంఘాల్లో పెద్దమ్మలకు బాగా తెలిసిన ఒక పద్ధతి గుర్తుచేస్తాం. అన్నానికి బియ్యం కొలిచి ఎసట్లో పోయకముందే ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, వాటిని ఆదివారం మందిరానికి తెచ్చే అలవాటు ఉంది గదా. మిజోరాం రాష్ట్రంలో క్రైస్తవ స్త్రీలు 1910 నుండి ఇలా చేస్తున్నారు. ఆ పిడికిళ్ళతోనే అక్కడి సంఘాలకు పెద్ద రాబడి సమకూరుతున్నది.  వండిన తర్వాత మిగిలిన అన్నం తెమ్మంటే ఒక్క పిడికెడు కూడా వచ్చేది కాదు.

కూలి డబ్బుకూ అదే పద్ధతి పెట్టుకోండి. మంచి నెలల్లో కూలి చేతికి అందిన రోజునే, కిరాణా కొట్టుకు వెళ్ళకముందే, అందులో ఒక వంతు తీసి వేరు పెట్టాలి. ఎన్నో వంతు? ఐగుప్తులో సమృద్ధిగా పంటలు పండిన ఏడు సంవత్సరాలు యోసేపు ఐదో వంతు ధాన్యం నిలవచేయించాడని బైబిలులో చదువుతాం. మన లెక్కకు కూడా ఐదో వంతు బాగానే కుదురుతుంది. 700 రూపాయల కూలి వస్తే 140. పైన చెప్పిన కుటుంబం జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఐదో వంతు చొప్పున తీస్తే 11,000 అవుతుంది. ఏప్రిల్‌లో అంత తీస్తే ఇంటికి చాలదు కాబట్టి 2,000 చాలు. మొత్తం 13,000. మే, జూన్ లోటు 4,000 పోయినా 9,000 ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో ఇంకో 6,200 చేరుతుంది. సెప్టెంబరు, అక్టోబరు లోటు 6,000 పోయాక కూడా 9,200 మిగిలి ఉంటుంది. ఆ ఇంటికి అక్టోబరులో అప్పు అవసరం ఉండదు. ఐదో వంతు కుదరని ఇంటిలో పదో వంతుతో మొదలుపెట్టండి. కూలికి వెళ్ళని రోజున ఏమీ తీయనక్కరలేదు, దానికి బాధపడనక్కరలేదు.

తీసిన డబ్బు ఎక్కడ పెట్టాలి? వారం రోజులు పోపుల డబ్బాలో ఉంటే ఫరవాలేదు. అంతకుమించి ఇంట్లో ఉంటే అది ఉండదు. చుట్టం వస్తాడు, టి.వి. రీఛార్జి వస్తుంది, పక్కింటి ఆమె చేబదులు అడుగుతుంది. లేదనడం మనవాళ్ళకు చేతకాదు. వారానికొకసారి బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో వేసి రండి. 2014లో మొదలైన జనధన్ ఖాతాకు కనీస నిలవ అక్కరలేదు. నెలనెలా తప్పకుండా కట్టాల్సిన రికరింగు డిపాజిట్టు మంచిదే గాని, కూలి లేని నెలలో కట్టలేకపోతే జరిమానా పడుతుంది. రాబడి నిలకడగా లేనివారికి మామూలు పొదుపు ఖాతాయే మేలని మా అభిప్రాయం. చీటీల విషయంలో ఒక్క మాట. 1982 చట్టం ప్రకారం రిజిస్టరు చేసిన చీటీలే వేయండి. ఊళ్ళో నమ్మకం మీద నడిచే చీటీ మూతపడితే మీ డబ్బుకు ఆధారం ఒక చిన్న నోటు పుస్తకం తప్ప ఏమీ ఉండదు. మంచి మనిషి నడుపుతున్నా, పాడుకున్నవారు కట్టకపోతే ఆ మంచి మనిషి కూడా ఏమీ చేయలేడు.

మాత్రల డబ్బు మాత్రం ఈ నిలవలో కలపవద్దు. దానికి వేరే కవరు పెట్టండి. ఆ కవరు మీద మాత్రలు వేసుకునే మనిషి పేరు రాయండి. నెలలో మొదటి కూలి రోజున నిండేది ఆ కవరు కావాలి. మంచి నెలలో, వీలైతే, రెండు నెలల మాత్రలు ఒకేసారి తీసుకోవచ్చు. స్ట్రిప్పు మీద గడువు తేదీ చూసుకోండి. ఇన్సులిను మాత్రం చల్లగా నిలవచేసే సదుపాయం ఉంటేనే ఎక్కువ తీసుకోండి.

లోటు నెలలో ఏది తగ్గించాలి, ఏది తగ్గించకూడదు

దాచిన డబ్బు చాలని నెల వచ్చినప్పుడు ఏదో ఒకటి తగ్గించక తప్పదు. ఆదివారం మాంసం రెండు వారాలకొకసారి చేయవచ్చు. కొత్త బట్టలు, ఫోను మార్చడం, చదివింపుల మొత్తం తగ్గించవచ్చు. ఈస్టరు తర్వాత మే నెలలో మన సంఘాల్లో పెళ్ళిళ్ళు జోరుగా ఉంటాయి. కూలి తగ్గే నెలా అదే. ఐదు పెళ్ళిళ్ళకు ఐదు వందల చొప్పున చదివిస్తే ఆ నెల లోటుకు రెండింతలు దాటిపోతుంది. పెద్దలు ముందుగా ఒక మాట అనుకొని సంఘంలో చదివింపులకు ఒక చిన్న హద్దు పెట్టుకుంటే ఎవరికీ చిన్నతనం ఉండదు.

పిల్లల పాలు, గుడ్లు తగ్గించవద్దు. ఇంకో సంగతి. లోటు నెలలో ఇల్లాలు తన అన్నం తగ్గించుకుంటుంది. ఎవరికీ చెప్పదు. అందరూ తిన్నాక మిగిలిన చారన్నం తిని లేస్తుంది. మా దగ్గరకు కళ్ళు తిరుగుతున్నాయని వచ్చే స్త్రీలలో రక్తహీనత ఎక్కువగా చూస్తాం. ఈ అలవాటు దానికి ఒక కారణం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అయితే ఆ బరువు బిడ్డమీద పడుతుంది.

ఇక మాత్రలు. కొందరు పూర్తిగా మానరు, రోజు విడిచి రోజు వేసుకుంటారు, లేదా సగం మాత్ర వేసుకుంటారు. పదిరోజుల మాత్రలు ఇరవై రోజులు వస్తాయని వారి ఆశ. బి.పి. మాత్ర పని ఎక్కువగా ఒక రోజుకే ఉంటుంది. మరునాడు వేసుకోకపోతే బి.పి. మళ్ళీ పెరగడం మొదలవుతుంది, మనిషికి మాత్రం ఏమీ తెలియదు. అలా పెరిగి పెరిగి ఒక తెల్లవారుజామున మూతి వంకర పోయి, కాలూ చెయ్యీ పడిపోయి ఆసుపత్రికి తెస్తారు. పక్షవాతం వచ్చిన మనిషిని చూసుకోవడానికి ఇంట్లో ఇంకొకరు కూలి మానాలి. నెలకు నాలుగు వందలు ఆదా చేయబోయి ఒక మనిషి సంపాదన పోగొట్టుకున్నట్లవుతుంది. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్సు ఆగకుండా రావచ్చు, ప్రాణానికే ముప్పు. ఇన్సులిను మీద ఉన్నవారు ఒక్క పూట కూడా సొంతంగా మానకూడదు. టి.బి. మందులు మధ్యలో మానేస్తే క్రిమి మొండిబారి, ఆ మందులకు లొంగకుండా పోతుంది.

ఇందులో ఊరట కలిగించే విషయాలు కూడా ఉన్నాయి. టి.బి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. చికిత్సలో ఉన్న ప్రతి రోగికి పోషకాహారం కోసం 2018 నుండి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు, 2024 నవంబరు నుండి అది 1,000 అయింది. బి.పి.కి ఆమ్లోడిపిన్, షుగరుకు మెట్‌ఫార్మిన్ వంటి సాధారణ మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణాల్లో అవే మందులు కంపెనీ పేరుతో అమ్మే వాటిలో సగం ధరకూ, అంతకంటే తక్కువకూ దొరుకుతాయి. మా చీటీమీద రాసిన మందు మీకు ఖరీదు అనిపిస్తే అదే పనిచేసే చవక మందు రాయమని డాక్టరు గారిని అడగండి. అడిగినందుకు ఎవరూ కోప్పడరు. మా ఫార్మసీలోనే కొనాలన్న నియమం ఏదీ లేదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. కార్డు ఉంది గదా, జబ్బు ఖర్చుకు దిగులు లేదు అని కొందరు అంటారు. అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు, ఆపరేషన్లకు. ప్రతినెలా ఇంటి దగ్గర వేసుకునే బి.పి. మాత్రలకు, బస్సు చార్జీలకు, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలికి ఆ కార్డు అక్కరకు రాదు. ఆ ఖర్చు మన లెక్కలో ఉండవలసిందే.

అప్పు తప్పనప్పుడు

అన్ని జాగ్రత్తలు తీసుకున్నా అప్పు అవసరమయ్యే రోజు వస్తుంది. అప్పుడు ఎవరి దగ్గర తెస్తున్నామో చూసుకోవాలి. నూటికి రెండు రూపాయలంటే సంవత్సరానికి వందకు 24. నూటికి ఐదంటే 60. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది రోజువారీ ఫైనాన్సు లెక్క. పదివేలు అప్పు అని రాసుకొని చేతికి తొమ్మిది వేలు ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే గదా వడ్డీ అనిపిస్తుంది. కాని మొదటి రోజు నుండే అసలు తిరిగి కడుతున్నాం. యాభయ్యో రోజుకు సగం అప్పు తీరిపోయింది, వడ్డీ మాత్రం మొత్తానికీ ముందే పట్టుకున్నారు. సరిగా లెక్కవేస్తే అది నూటికి ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ. పైగా కూలి లేని రోజున కూడా ఆ వంద కట్టాలి. నిలకడలేని రాబడికి రోజువారీ కిస్తీ అన్నది అసలు పొసగదు.

వారం వారం కట్టించుకునే సూక్ష్మ రుణాల వలన ఎన్ని ఇళ్ళు నలిగిపోయాయో, 2010లో ప్రభుత్వం వాటిమీద ప్రత్యేక ఆర్డినెన్సు తేవలసి వచ్చిందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఈ రోజుల్లో ఫోనులోనే ఐదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్‌లు ఉన్నాయి. వాటిలో కొన్ని మీ ఫోనులోని పేర్లు, ఫొటోలు తీసుకొని బంధువులందరికీ ఫోను చేసి అవమానిస్తాయి. వాటి జోలికి పోవద్దు. డ్వాక్రా సంఘంలో ఉన్నవారు ముందు అక్కడ అడగండి. బంగారం ఉంటే ఊళ్ళో వడ్డీ వ్యాపారి దగ్గర కాక బ్యాంకులో పెట్టండి, వడ్డీ చాలా తక్కువ. పంట డబ్బు, కోతల డబ్బు వచ్చిన నెలలో మొదట విడిపించుకోండి.

కానుకల గురించి కూడా మమ్మల్ని అడుగుతుంటారు. పని లేని నెలలో దశమ భాగం ఇవ్వలేకపోతున్నామని కొందరు మనసులో నలిగిపోతూ, అప్పు చేసి మరీ ఇస్తున్నారు. దీనిమీద మాట్లాడవలసినవారు మీ పాస్టరు గారు. మేము గమనించిన ఒక్క సంగతి చెబుతాం. కొరింథు సంఘానికి పౌలు రాసినప్పుడు, వారం వారం ఎవరికి కలిగినదాని మేరకు వారు తమ దగ్గర తీసిపెట్టుకొమ్మని చెప్పాడు. అంత ఇంత అని ఒకే మొత్తం అందరిమీదా పెట్టలేదు. రాబడి లేని వారం సంగతి ఆ మాటలోనే ఇమిడి ఉంది.

ఇంకొక చిన్న ఖర్చు మంచి నెలలో చేయదగినది ఉంది. బ్యాంకు ఖాతా ఉన్నవారికి ప్రమాద బీమా సంవత్సరానికి 20 రూపాయలకు, జీవిత బీమా 436 రూపాయలకు 2015 నుండి నడుస్తున్న ప్రభుత్వ పథకాల్లో దొరుకుతున్నాయి. మొదటిది 18 నుండి 70 ఏళ్ళ వారికి. రెండోదానిలో 50 ఏళ్ళలోపు చేరాలి. ఒక్కొక్కటి రెండు లక్షలకు. పరంజామీద నిలబడి పనిచేసేవారు, వేటకు పోయేవారు తప్పక చేరండి. ఈ డబ్బు మే నెలాఖరులో ఖాతా నుండి తీసుకుంటారు. అది లోటు నెల కాబట్టి ఆ 456 రూపాయలు ఏప్రిల్‌లోనే ఖాతాలో ఉంచండి.

మాత్రలు కొనడానికి డబ్బు లేని నెల వస్తే క్లినిక్కుకు రావడం మానవద్దు. కార్డు, మిగిలిన మాత్రలు, పాత చీటీ తీసుకొని రండి. "ఈ నెల పని లేదు" అని ముందుగా సిస్టరు గారితో చెప్పండి. నెలకు బదులు పదిరోజుల మందు తీసుకోవచ్చు, లేదా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చీటీ రాయించుకోవచ్చు. కార్డు వెనుక ఖాళీగా ఉన్న వైపున మీ ఇంటికి ఏయే నెలలు లోటు నెలలో మాతో రాయించుకోండి. ఆ నెలలకు ముందు వచ్చినప్పుడే ఎన్ని రోజుల మాత్రలు తీసుకోవాలో మీరూ, డాక్టరు గారూ కలిసి అనుకోవడానికి వీలుంటుంది.